ఓర్లా పెద్దదా, మిరియం పెద్దదా

జూన్ ఒకటో తేదీ పొద్దున్నే నోరిస్ లిరెట్ ఒక మేకును పాలిష్ చేస్తున్నాడు. దానికి అరడుగు పైన ఇంకో మేకు ఉంది. దాన్ని ముట్టుకోలేదు.

రెండూ పడవలకు వాడే రాగి మేకులే. బాయూ పెర్దూ అనే కాలవ ఒడ్డున, మూతపడ్డ ఐసు షెడ్డు ముందున్న సైప్రస్ స్తంభానికి దిగేసి ఉన్నాయి. తుపాను వెళ్లిపోయాక స్తంభం మీద నీటి జాడ ఎక్కడిదాకా ఉంటే అక్కడ ఒక మేకు కొట్టడం ఆ ఊరి ఆనవాయితీ. చిన్నాచితకా తుపానుల మేకులు మోకాలి ఎత్తులోనూ నడుం ఎత్తులోనూ బోలెడున్నాయి. వాటిని ఎవరూ లెక్కచెయ్యరు. మనిషి చెయ్యెత్తితే తప్ప అందని మేకులు మాత్రం రెండే. కిందది ఓర్లాది. పైది మిరియంది.

ఓర్లా వచ్చినప్పుడు నోరిస్‌కు తొమ్మిదేళ్లు. ఇంటి కప్పు మీద అమ్మ ఒళ్లో కూర్చుని, రొయ్యల పడవలు చర్చి గుమ్మంలోంచి లోపలికి వెళ్లడం చూశాడు. తెల్లారాక వాళ్ల నాన్న ఆ మేకు కొట్టాడు. అరవై ఏళ్లుగా నోరిస్ దాన్ని మెరుగు పెడుతూనే ఉన్నాడు. పెళ్లి రోజున భార్య వెర్లీని చర్చికి తీసుకెళ్లకముందే మేకు దగ్గరకి తీసుకెళ్లాడని ఊళ్లో చెప్పుకుంటారు. అది అబద్ధం. చర్చి నుంచి వస్తూ తీసుకెళ్లాడు.

తుపానుల గురించి అతను మాట్లాడే తీరు వింటే దూరపు బంధువుల గురించి చెబుతున్నాడనుకుంటాం. ఓర్లా మర్యాదస్తురాలు, మూడు రోజుల ముందు కబురు పెట్టి మరీ వచ్చింది. ఆ తర్వాతెప్పుడో వచ్చిన గిల్బెర్ట్ తాగుబోతు, ఎటు వెళ్తున్నాడో వాడికే తెలియదు. మిరియం సంగతెత్తితే మాత్రం నోరిస్ ముఖం పక్కకు తిప్పుకుంటాడు. ఆ మేకు కొట్టినప్పుడు అతను ఊళ్లో లేకపోవడమే అందుకు ముఖ్య కారణం.

పోయిన సెప్టెంబరులో మిరియం వస్తోందనగానే వెర్లీ అతన్ని బలవంతంగా కారెక్కించి, ఉత్తరాన ఒపెలూసస్‌లో ఉన్న తన చెల్లెలు ఎర్లీన్ ఇంటికి తీసుకుపోయింది. ఊరు వదలని క్లోవిస్, నీళ్లు తగ్గగానే సుత్తి పట్టుకుని మేకు కొట్టేశాడు. క్లోవిస్ నలభై ఏళ్లు నోరిస్‌తో పాటు రొయ్యల వలలు లాగినవాడు, పక్కింటివాడు, స్నేహితుడు. ఈ మూడు మాటలూ ఒక్క మనిషికే తగిలించాల్సి రావడం నోరిస్ జీవితంలోని పెద్ద కష్టాల్లో ఒకటి.

"పైన ఉన్నదే పెద్దది" అంటాడు క్లోవిస్, తొమ్మిది నెలలుగా, రోజూ. "మీ ఓర్లా కంటే మా మిరియం అరడుగు పొడుగు. కావాలంటే టేపు తెచ్చుకో."

మిరియం అతని ఇంటి కప్పు ఎగరేసుకుపోయింది. అందుకే "మా" అనే హక్కు తనకుందని క్లోవిస్ నమ్మకం.

నోరిస్ ఆ అరడుగుకు ఎన్ని సంజాయిషీలు చెప్పాడో లెక్కలేదు. కొత్తగా కట్టిన కరకట్ట నీళ్లను ఇటు తోసిందన్నాడు. పౌర్ణమి పోటు కలిసొచ్చిందన్నాడు. మేకు కొట్టినవాడు ఆ పూట తాగి ఉన్నాడన్నాడు. మూడోది నిజమే కానీ నీటి జాడ మాత్రం తాగలేదు, దాన్ని అందరూ చూశారు.

ఆ రోజు పాలిష్ గుడ్డ జేబులో కుక్కుకుని ఇంటికి వచ్చేసరికి వెర్లీ మెట్ల దగ్గర నిలబడి ఉంది.

"డూలీ మళ్లీ ఫోన్ చేశాడు. సాయంత్రంలోగా ఎత్తు ఖాయం చేసి చెప్పాలంట. రేపు పొద్దున దుంగలు కోయిస్తాడంట."

"చెప్పాగా, ఎనిమిదడుగులని."

"నువ్వు చెప్పావు. నేను చెప్పలేదు."

డూలీ ఇళ్లు ఎత్తే మేస్త్రీ. కింద జాకీలు పెట్టి, ఇంటిని ఉన్నపళంగా పైకి లేపి, పొడుగాటి కాళ్లు తగిలిస్తాడు. ఆ ఊళ్లో ప్రతి ఇంటికీ కాళ్లున్నాయి. నోరిస్ ఇంటికి ముప్పై ఏళ్ల కిందట, ఓర్లా మేకు ఎత్తు కొలిచి, దాని మీద బెత్తెడు కలిపి కాళ్లు వేయించారు. అందరూ అలాగే చేస్తారు. స్తంభం మీద పై మేకు ఎంతెత్తున ఉందో చూసి, దాని మీద కొంచెం వేసుకుంటారు. మిరియం ఓర్లా మీద అరడుగు ఎక్కువ వచ్చింది, వెర్లీ వంటగదిలో బెత్తెడు నీళ్లు నిలిచాయి. బెత్తెడే. దానికే నేల ఉబ్బింది, అలమరాలు కుళ్లాయి, లోపలి కుళ్లు వాసన రాకుండా ఫ్రిజ్ తలుపుకు టేపు చుట్టి రోడ్డు పక్కన పడేయాల్సి వచ్చింది.

ఈసారి ఖర్చు ప్రభుత్వానిది. పన్నెండడుగుల దాకా ఎంతెత్తు అడిగినా ఇస్తారు. నోరిస్ అడిగింది ఎనిమిది. మిరియం మేకు ఏడడుగుల మీద ఉంది కాబట్టి దాని మీద ఇంకో అడుగు చాలని అతని లెక్క. అసలు కారణం మోకాళ్లు. పీతల బుట్టలు మోసుకుంటూ అన్ని మెట్లు ఎక్కలేడు. ఆ మాట ఒప్పుకోవడం ఇష్టంలేక, పన్నెండడుగుల ఇళ్లన్నీ దుర్భిణీ పెట్టుకుని పిట్టల్ని చూసే పట్నంవాళ్లవని తిట్టేవాడు.

వెర్లీ ఒకే ఒక్క మాట అంది, అదీ మార్చిలో. ఇంకొక్కసారి తన వంటగదిలోకి నీళ్లొస్తే ఎర్లీన్ దగ్గరికి వెళ్లిపోతానని, ఈసారి తిరిగి రానని. గట్టిగా అనలేదు. ఉల్లిపాయలు తరుగుతూ అంది. నలభై ఆరేళ్ల కాపురంలో ఆవిడ అరిచి చెప్పినవేవీ జరగలేదని, ఉల్లిపాయలు తరుగుతూ చెప్పినవన్నీ జరిగాయని నోరిస్‌కు తెలుసు. పైగా ఎర్లీన్ తన పక్కగది ఖాళీగానే ఉంచింది.

మధ్యాహ్నం రెనెల్ వచ్చింది. నోరిస్ ఆమెకు పరాన్, అంటే జ్ఞానతండ్రి; వెర్లీ తాంత్, అంటే అత్త. ఆమె జ్ఞానస్నానం నాడు ఎత్తుకున్నది అతనే. ఇప్పుడామె బేటన్ రూజ్ విశ్వవిద్యాలయంలో తుపానుల మీద పని చేస్తుంది. వచ్చిపోయిన ఒక తుపానును లెక్కల్లో మళ్లీ రప్పించి, లోకం ఇంత వేడెక్కకపోయి ఉంటే అది ఎలా ఉండేదో చూడడం ఆమె ఉద్యోగం. ఒకసారి వచ్చి పోయినదాన్ని పనిగట్టుకుని మళ్లీ పిలిచేవాళ్లకు జీతం ఎవరిస్తారని నోరిస్ సందేహం.

ఇంటి కింద, కాళ్ల మధ్య నీడలో బల్ల వేసి, దాని మీద పాత పేపర్లు పరిచి, వెర్లీ ఉడికిన పీతలు కుమ్మరించింది. మొక్కజొన్న పొత్తులు, బంగాళదుంపలు, నోరు మండే కారం. పీతల వాసనకు క్లోవిస్ పిలవకుండానే వచ్చి కూర్చున్నాడు. పిలిచి ఉంటే ఆశ్చర్యపోయేవాడు.

"ఏం పిల్లా, చెప్పు మరి" అన్నాడు నోరిస్, పీత డిప్ప విరుస్తూ. "మీ మిషన్లు ఏమంటున్నాయి? మిరియం తనంతట తనే వచ్చిందా, లేక ఈ వేడి పంపిందా?"

"అలా అడిగితే చెప్పలేం పరాన్. తుపానులు ఎప్పుడూ ఉన్నాయి. వేడి లేకపోయినా మిరియం వచ్చేదేమో."

"విన్నావా?" నోరిస్ క్లోవిస్ వైపు తిరిగాడు. "ఇంత చదివి ఏం చెప్పింది? 'చెప్పలేం' అంది. ఆ మాట నేను చదవకుండానే చెప్పగలను."

"పూర్తిగా వినమను ఆయన్ని, తాంత్ వెర్లీ" అంది రెనెల్ నవ్వుతూ. "వచ్చేదా రాకపోయేదా అన్నది చెప్పలేం. వచ్చినది ఎంత ఎక్కువ తెచ్చిందో మాత్రం సుమారుగా చెప్పగలం. ఓర్లా నాటికీ ఇప్పటికీ సముద్రం అరడుగు లేచింది. అందులో ఎక్కువ వంతు వేడి పుణ్యమే. మీ వంటగదిలోకి వచ్చింది ఎంత?"

"బెత్తెడు" అంది వెర్లీ, ఆ మాట వెంటనే అందుకుని.

"అరడుగులో సగం. అంటే మిరియం ఎలాగూ వచ్చేదేమో కానీ, మీ వంటగదిలోకి మాత్రం వచ్చేది కాదు."

వెర్లీ పీత పక్కన పెట్టేసింది. నోరిస్ మాత్రం తగ్గలేదు.

"ఆ బెత్తెడే వేడిదని ఎలా తెలుసు? నీళ్ల మీద పేరు రాసుంటుందా?"

"రాసుండదు. ఇంకో సంగతి కూడా ఉంది, అది వింటే మీకు ఇంకా కోపం వస్తుంది. సముద్రం లేచినా, మన భూమి కుంగకపోయి ఉంటే కూడా ఆ నీళ్లు వచ్చేవి కావు. అరవై ఏళ్లలో ఇక్కడ నేల అడుగుంపావు దిగిపోయింది. నదికి గట్లు కట్టి ఒండ్రు రాకుండా చేశాం, చమురు కోసం ఎక్కడపడితే అక్కడ కాలవలు తవ్వాం."

"దొంగలు ఇద్దరన్నమాట" అన్నాడు క్లోవిస్ నోరు చప్పరిస్తూ. "ఒకడు పైకి లేచాడు, ఒకడు కిందకి దిగాడు. మధ్యలో నోరిస్ తడిశాడు."

"ఆగాగు" అన్నాడు నోరిస్. "నేల దిగిందంటున్నావు. ఏ నేల?"

"ఈ నేలే. ఇల్లు, రోడ్డు, ఐసు షెడ్డు, అన్నీ."

"స్తంభం?"

"స్తంభం గాల్లో లేదుగా పరాన్. అదీ దిగింది. మేకులతో సహా."

నోరిస్ చేతిలోని పీత కాలు బల్ల మీద పడింది. అరవై ఏళ్లు మెరుగు పెట్టిన మనిషికి, ఆ మేకు కిందకు దిగుతోందన్న ఆలోచన ఒక్కనాడూ రాలేదు. ఊళ్లో ఎవరికీ రాలేదు. తుపాను తుపానుకీ ఆ స్తంభం దగ్గరికే వెళ్లి కొలిచారు, దాన్ని చూసే ఇళ్లకు కాళ్లు పెట్టుకున్నారు, కొలబద్ద తమతో పాటే బురదలోకి జారుతోందని ఎవరూ అనుకోలేదు.

"అయితే," అన్నాడు, ఒక్కో మాటే జాగ్రత్తగా పేర్చుకుంటూ, "మిరియం నాటికి స్తంభం కిందకి దిగి ఉంది కాబట్టి నీళ్లు పైదాకా వచ్చినట్టు కనపడ్డాయి."

"అవును. సముద్రం లేచినదీ, నేల దిగినదీ కలిపి అడుగుముప్పావు. అది తీసేస్తే మిరియం సొంతంగా తెచ్చింది అయిదుంపావు అడుగులే. ఓర్లా తెచ్చింది ఆరున్నర."

నోరిస్ లేచి నిలబడ్డాడు. లేచిన ఊపుకు తల ఇంటి దూలానికి తగిలింది. అయినా పట్టించుకోలేదు.

"అడుగుంపావు!" అన్నాడు. "క్లోవిస్! అడుగుంపావు తేడాతో గెలిచింది ఓర్లా! అది ఏ సాయం లేకుండా వచ్చింది. మీ మిరియం కాళ్ల కింద పీట వేసుకుని నిలబడింది!"

"పీట వేసుకున్నా నా కప్పు ఎగరగొట్టింది" అన్నాడు క్లోవిస్.

"నీ కప్పు మా పిల్ల తుమ్మినా ఎగురుతుంది. తొమ్మిది నెలలు నా ప్రాణం తీశావు. విశ్వవిద్యాలయం చెబుతోంది విను. లెక్కలతో చెబుతోంది!"

ఐదు నిమిషాల కిందటి దాకా చదువుకున్నవాళ్లకు ఏమీ తెలియదన్న మనిషి, రెనెల్ ముందుకు ఒకటి తర్వాత ఒకటి మంచి పీతలు ఏరి తోశాడు. వాతావరణం వేడెక్కడం మీద అతనికింత నమ్మకం కుదరడం ఊళ్లో ఎవరూ చూసి ఎరగరు. సముద్రం ఇంకొంచెం ఎక్కువ లేచి ఉండొచ్చేమో, మళ్లీ ఒకసారి చూడమని కూడా అడిగాడు.

వెర్లీ చేతులు తుడుచుకుంది.

"నాకొకటి చెప్పవే రెనెల్. ఆ ఓర్లాయే ఇవాళ వస్తే?"

"అంటే?"

"అదే తుపాను. అదే దారిన. ఇప్పటి నేల, ఇప్పటి సముద్రం. నీళ్లు ఎక్కడిదాకా వస్తాయి?"

రెనెల్ పీతల డిప్పలు పక్కకు జరిపి, పేపరు అంచు మీద పెన్సిలుతో రాసింది. "ఆరున్నర, దాని మీద అడుగుముప్పావు. ఎనిమిదుంపావు. ఇప్పుడు సముద్రం వేడిగా ఉంటుంది కాబట్టి అదే తుపాను ఇంకొంచెం బలంగా వస్తుంది. ఇంకో అరడుగు వేసుకోండి. అటూ ఇటూ కావచ్చు, ఒట్టేసి చెప్పను. ఎనిమిదీ ముప్పావు."

"మనం ఎత్తేది ఎనిమిది" అంది వెర్లీ. "అంటే నా వంటగదిలో జానెడు."

ఆవిడ గిన్నెలోంచి ఒక ఉల్లిపాయ తీసి, పొట్టు ఒలవడం మొదలుపెట్టింది.

నోరిస్ ఆ ఉల్లిపాయ వైపు చూశాడు.

"అదీ... ఓర్లా అంత పెద్దదేం కాదనుకో" అన్నాడు.

క్లోవిస్ ముఖం దీపం పెట్టినట్టు వెలిగింది. "ఏమన్నావు?"

"తొమ్మిదేళ్ల పిల్లాడికి ఏ నీళ్లైనా సముద్రంలానే కనపడతాయి అంటున్నా."

"నువ్వు చిన్నపిల్లాడివి సరే. మేకు చిన్నపిల్ల కాదుగా. ఆరున్నరడుగుల మీద ఉంది."

"మా నాన్న కాస్త పైకి కొట్టి ఉండొచ్చు. అలల తడి ఉంటుందిగా, దాన్ని చూసి..."

"మీ నాన్న మేకు అబద్ధం చెబుతుందా?" అంది వెర్లీ, తలెత్తకుండా. "ఇన్నేళ్లలో ఈ మాట ఇదే వినడం."

"అబద్ధమని కాదు వెర్లీ."

"అయితే నిజమా?"

"నిజమైతే ఎనిమిదడుగులు చాలవు నోరిస్" అన్నాడు క్లోవిస్, దుంప ఒకటి నోట్లో వేసుకుని, ఎంతో సానుభూతిగా. "అబద్ధమైతే మిరియమే పెద్దది. ఏదో ఒకటి తేల్చుకో. నాకు రెండూ బాగానే ఉన్నాయి."

రెనెల్ జాలిపడింది. "పరాన్, ఓర్లా అచ్చం అలాగే మళ్లీ రాదు. ఏ తుపానూ ఇంకోదానిలా రాదు. నేను చెప్పేది ఇంతే, దాన్ని చూసి ఇంటి ఎత్తు లెక్కేయాలంటే దాన్ని ఇప్పటి నీళ్ల మీద నిలబెట్టి కొలవాలి."

"అదేలే" అన్నాడు నోరిస్.

కాసేపు పీత మాంసం ఏరుకుంటూ కూర్చున్నాడు కానీ తినలేదు. అతని మనసులో ఏం నడిచిందో వెర్లీకి తెలుసు. నలభై ఏళ్లు పడవ మీద నిలబడి అరిగిపోయిన మోకాళ్లు ఒకవైపు. ఒపెలూసస్‌లో ఖాళీగా ఉన్న గది ఇంకోవైపు. ఆ రెంటికీ మధ్య, తెల్లారగట్ల నడుంలోతు నీళ్లలో నిలబడి, సుత్తితో మేకు కొడుతున్న తండ్రి. ఇంతకాలం ఏ తుపాను గొప్పదన్నది అతనికి కబుర్లలో సంగతి. అది ఇంటి నేల ఎత్తు మీదికి వస్తుందని అతను అనుకోలేదు.

అప్పుడే ఫోన్ మోగింది. డూలీ.

"నోరిస్ పెద్దాయనా, ఇక ఆగలేను. కోత మిషను వాడు ఇంటికి పోతానంటున్నాడు. ఎనిమిదేగా?"

నోరిస్ క్లోవిస్ వైపు చూశాడు. క్లోవిస్ చెవులు రిక్కించి వింటున్నాడు. వెర్లీ ఉల్లిపాయను రెండు ముక్కలు చేసింది.

"కాదు" అన్నాడు నోరిస్. "పన్నెండు."

"పన్నెండా? పట్నంవాళ్ల ఎత్తని నన్ను తిట్టింది మీరేగా?"

"తిట్టాను. ఇప్పుడు కొయ్యమంటున్నాను."

"ఏమైంది? మిరియం ఏడేగా వచ్చింది."

"మిరియం సంగతి ఎవడడిగాడు?" నోరిస్ గొంతు పెంచాడు, ఎదురుగా ఉన్న మనిషికి కూడా వినపడాలని. "ఓర్లాను దృష్టిలో పెట్టుకుని కట్టించుకుంటున్నా. ఈ కాలవ మీదికి వచ్చినవాటిలో అదే పెద్దది. కావాలంటే మా రెనెల్‌ను అడుగు, లెక్కలు వేసి చూపిస్తుంది."

డూలీకి ఆ లెక్కలు అక్కర్లేదు. మెట్లు రెండు వరసల్లో, మధ్యలో కూర్చోడానికి చిన్న అరుగుతో వేస్తానని, మోకాళ్లు నొప్పి పెడితే అక్కడ ఆగొచ్చని చెప్పాడు. మోకాళ్ల సంగతి అతనికెవరు చెప్పారో నోరిస్‌కు అర్థం కాలేదు. వెర్లీ ఉల్లిపాయ ముక్కలు చేసే పనిలో ఉంది.

"ఓడిపోయావు" అన్నాడు నోరిస్ ఫోను పెట్టేసి, క్లోవిస్‌తో.

"నాలుగడుగులు ఎక్కువ ఎక్కబోయేది నువ్వు, ఓడిపోయింది నేను" అన్నాడు క్లోవిస్. "నీ పీతల బుట్టలు నన్ను మొయ్యమని మాత్రం అడక్కు."

"నువ్వు కాకపోతే ఎవరు మోస్తారు?"

"నాకు భోజనం పెడితే ఆలోచిస్తా. పన్నెండడుగుల మీద గాలి బాగా వస్తుందంట."

వెర్లీ లేచి, తరిగిన ఉల్లిపాయలు గిన్నెలోకి తోసింది. "ఆ ఫోనిటివ్వు. ఎర్లీన్‌కి చెప్పాలి, ఆ గది కావాలంటే అద్దెకిచ్చుకోమని."

సోమవారం పొద్దున్న డూలీ మనుషులు జాకీలు బిగించారు. ఇల్లు లేస్తున్నంతసేపూ నోరిస్ రోడ్డు మీద నిలబడి, వచ్చేపోయేవాళ్లందరికీ నేల కుంగడం గురించీ సముద్రం లేవడం గురించీ వివరించాడు, ఓర్లా పేరు ప్రతి మాటకూ కలుపుతూ. ఆ వారంలోనే ఇంకో నలుగురు డూలీకి ఫోన్ చేసి తమ ఇళ్ల ఎత్తు మార్పించుకున్నారు. ఇద్దరు పదకొండన్నారు. ఒకరు పన్నెండన్నారు. క్లోవిస్ మాత్రం, తనకు మిరియం మీదే నమ్మకమని చెప్పి, పన్నెండున్నర అడిగాడు. పన్నెండుకు మించి ఇవ్వరని డూలీ చెప్పాక, సరే పన్నెండే వెయ్యమన్నాడు.